న్యూయార్క్ ప్యాలెస్ థియేటర్ గొడవకి మూలం 1987లో ఉంది

పాత వోడ్‌విల్ (రకరకాల వినోదం కలిపి చూపించే షోల) థియేటర్లని బాగుచేసి మళ్లీ లైవ్ షోలకి ఇద్దాం అన్న మాట అమెరికాలో ఏ ఊళ్లో లేచినా న్యూయార్క్ ప్యాలెస్ థియేటర్ పేరు రాకుండా ఉండదు, ఇప్పుడూ అదే జరుగుతోంది. నేల మీదున్న ఆ థియేటర్ని ఉన్నదున్నట్టే పైకి లేపారు. కొంతమంది దాన్ని చూపించి కాపాడుకుంటే ఇలా కాపాడుకోవాలి అంటారు, ఇంకొంతమంది అదే థియేటర్ని చూపించి ఏం చేసినా పర్లేదు గానీ ఇది మాత్రం చెయ్యొద్దు అంటారు. టైమ్స్ స్క్వేర్‌లో ఎర్ర మెట్లు ఉంటాయి కదా, న్యూజెర్సీలో ఉండే మనవాళ్లు ఇండియా నుంచి అమ్మానాన్నలు రాగానే తీస్కెళ్లి కూర్చోబెట్టి ఫొటోలు తీసే చోటు, అక్కడ కూర్చుంటే ఎడంచేతి వైపు పెద్ద పెద్ద స్క్రీన్లతో ఒక బిల్డింగ్ కనపడుతుంది. థియేటర్ దాని లోపలే ఉంది. కింద షాపులకి చోటు, పైన హోటల్, మధ్యలో థియేటర్. 1913లో కట్టినప్పుడు మాత్రం నేల మీదే ఉండేది.

మన దగ్గర రోడ్డు ఎత్తు పెరిగి ఇల్లు పల్లంలో పడిపోతే జాకీలు పెట్టి ఇల్లు మొత్తం లేపుతున్నారు చూడండి, పని అలాంటిదే, సైజే వేరు. 2022 జనవరిలో మొదలుపెట్టి ఏప్రిల్‌కల్లా హాలుని హాలులాగే, ప్లాస్టర్ పనితనం ఉన్న సీలింగు, బాక్సులు (పక్కన విడిగా ఉండే సీట్ల అరలు), బాల్కనీలతో సహా, 30 అడుగులు పైకి లేపారు. బరువు కోటీ 40 లక్షల పౌండ్లు, అంటే 6 వేల టన్నుల పైమాటే. లోపల ప్లాస్టర్ పాడవకుండా ముందే జాగ్రత్తలు తీసుకుని, కింద కాంక్రీటు ఫ్రేమ్ కట్టి, హైడ్రాలిక్ జాకుల మీద కొంచెం కొంచెంగా పైకి పంపారు. ఇంజినీరింగ్ పరంగా వంక పెట్టడానికేం లేదు, ఆ టైమ్‌లో వచ్చిన వార్తలన్నీ దాని గురించే. అసలు ఎందుకు లేపాల్సొచ్చింది అన్నది మాత్రం ఆ వార్తల్లో చివరి పేరాలో ఉండేది.

వోడ్‌విల్ రోజుల సంగతి అందరికీ తెలిసిందే, ఎక్కువ చెప్పను. పాట, జోకు, మ్యాజిక్, సర్కస్ ఫీట్లు, చిన్న నాటిక అన్నీ ఒకే టికెట్ మీద చూపించే షోలవి, ఆ లోకంలో ప్యాలెస్ స్టేజి ఎక్కడం అంటే ఇంక పైకి ఎక్కడానికేం లేనట్టే. టాకీలొచ్చాక 1932లో సినిమా హాలైపోయింది, 1951లో హాలీవుడ్ నటి, గాయని జూడీ గార్లండ్ 19 వారాలు పాడి మళ్లీ ఊపు తెచ్చింది, 1965లో థియేటర్ల వ్యాపారం చేసే నెదర్లాండర్ కుటుంబం కొని తర్వాతి ఏడాది బ్రాడ్‌వే థియేటర్‌గా, అంటే న్యూయార్క్‌లో పెద్ద నాటకాలు, మ్యూజికల్స్ ఆడే థియేటర్‌గా తెరిచింది. ఇక్కడిదాకా గొడవ లేదు.

అసలు మలుపు 1982లో, అదీ ప్యాలెస్‌లో కాదు, రోడ్డుకి అటువైపు. ఇప్పుడు మారియట్ మార్క్విస్ హోటల్ ఉన్న చోట అప్పట్లో ఐదు పాత థియేటర్లు ఉండేవి. మొరాస్కో, హెలెన్ హేస్, బిజూ, ఇంకా అప్పటికే సినిమా హాళ్లయిపోయినవి రెండు. ఆ ఏడాది మార్చిలో నటులు, డైరెక్టర్లు రోడ్డు మీద కూర్చుని అడ్డుకున్నారు, జోసెఫ్ పాప్ లాంటి పేరున్న నిర్మాతని కూడా అరెస్టు చేశారు, అయినా అదే రోజు మొరాస్కోని కూలగొట్టడం మొదలుపెట్టారు. ఆ దెబ్బకి సిటీలో కదలిక వచ్చింది. మిగిలిన థియేటర్లన్నా మిగలాలని ల్యాండ్‌మార్క్స్ కమిషన్ (పాత కట్టడాలకి గుర్తింపు ఇచ్చి కాపాడే సిటీ సంస్థ) ఒక్కొక్కదాన్నీ పరిశీలించడం మొదలుపెట్టింది, 1987-88లో వరసగా గుర్తింపులిచ్చేసింది.

కొన్ని థియేటర్లకి లోపలా బయటా రెండిటికీ రక్షణ దొరికింది. ప్యాలెస్‌కి 1987 జూలైలో ఇచ్చింది మాత్రం లోపలికి మాత్రమే. ముందుభాగం హోర్డింగుల వెనకాల ఎప్పుడో దాక్కుపోయింది, దాంట్లో కాపాడ్డానికి ఏముందిలే అన్నట్టు వదిలేశారు. ఆ రోజు అది పెద్ద విషయంగా ఎవరికీ అనిపించి ఉండదు. కానీ కాగితం మీద మిగిలిందేంటి? హాలు రూపం. హాలు ఎక్కడ ఉండాలి, ఏ ఎత్తులో ఉండాలి, రోడ్డు మీదనుంచి జనం ఎటు నుంచి రావాలి అనేది ఆ రక్షణలో గట్టిగా లేకుండా పోయింది. 2022లో జాకులు పెట్టింది ఆ రక్షణలో మిగిలిన లొసుగులోనే అని నా లెక్క.

పైగా దాని మొదటి ఫలితం అప్పుడే కనపడింది, ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. థియేటర్ మూసి, దాని నెత్తి మీద నుంచి పెద్ద ఉక్కు ట్రస్సులు (బరువు మోసే చట్రాలు) వేసి హోటల్ కట్టారు, 1990లో హోటల్, 1991లో దాని కడుపులో థియేటర్ తెరుచుకున్నాయి. అంటే రోడ్డు మీద ప్యాలెస్ అనే బిల్డింగ్ అప్పటికే మాయం. ఇప్పుడు థియేటర్‌ని లేపినవాళ్లు ఈ మాటే వాడుకుంటారు, మేం కొత్తగా పోగొట్టిందేముంది అని.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఈ గుర్తింపులు మాకొద్దు మొర్రో అని కోర్టుకెక్కింది ఎవరో కాదు, థియేటర్ల ఓనర్లే. షూబర్ట్, నెదర్లాండర్, జుజామ్సిన్ మూడు సంస్థలూ కలిసి కేసు వేశాయి, అన్నిచోట్లా ఓడి చివరికి 1992లో అమెరికా సుప్రీంకోర్టు కూడా వినం పొమ్మంది. అప్పుడు మా నెత్తిన బరువు అన్న గుర్తింపే ఇప్పుడు బ్రోషర్లలో మా ఘనత అని వేసుకునే స్థితికి వచ్చింది.

ఇక కొత్త ప్రాజెక్టు. పాత హోటల్‌ని చాలావరకు తీసేసి, దాదాపు 250 కోట్ల డాలర్లతో 46 అంతస్తుల టవర్, అందులో 661 గదుల హోటల్, రోడ్డు వైపు 18 వేల చదరపు అడుగుల స్క్రీన్, ఆ స్క్రీన్ మధ్యలోంచి టైమ్స్ స్క్వేర్ మీదికి తెరుచుకునే ఇంకో స్టేజి. థియేటర్‌ని లేపడానికి ల్యాండ్‌మార్క్స్ కమిషన్ 2015లో ఒప్పుకుంది, సిటీ కౌన్సిల్ 2018లో ఒప్పుకుంది, అదే ఏడాది సెప్టెంబర్‌లో థియేటర్ మూసేశారు. డెవలపర్లు చెప్పేది సూటిగానే ఉంటుంది. పాత థియేటర్లో లాబీ ఇరుకు, టాయిలెట్లు చాలవు, స్టేజి వెనక మనిషి తిరగడానికి చోటు లేదు, ఇప్పుడవన్నీ వచ్చాయి, 1,600 పైచిలుకు సీట్ల హాలు కొత్తగా మెరుస్తోంది, డబ్బు మేమే పెట్టాం. ఇంటర్వెల్‌లో లేడీస్ టాయిలెట్ క్యూలో నిలబడ్డవాళ్లెవరూ ఈ మాట కొట్టిపారెయ్యలేరు.

వ్యతిరేకించేవాళ్లు మాత్రం ఆ లిస్టులో లేనిది అడుగుతారు. టాయిలెట్ల కోసం 30 అడుగులు లేపక్కర్లేదు కదా, ఆ 30 అడుగుల కింద ఏం వచ్చింది? షాపులకిచ్చే చోటు వచ్చింది, ప్రపంచంలో బాగా ఖరీదైన అద్దెలుండే చోట్లలో ఒకదాంట్లో. థియేటర్ గుమ్మం మెయిన్ రోడ్డు వదిలేసి 47వ వీధిలోకి పోయింది, జనం అక్కడ లోపలికెళ్లి పైకెక్కాలి. వోడ్‌విల్ బతికిందే దారిన పోయేవాడిని లైట్లతో లోపలికి లాగడం మీద, ఇప్పుడు ఆ లైట్లన్నీ స్క్రీన్‌వి, థియేటర్ వెనక్కి పోయింది. ఇంకా పెద్ద భయం ఏంటంటే ఒకసారి జరిగిందంటే దారి పడినట్టే, రేపు ఇంకో ఊళ్లో ఇంకో ఓనర్ వచ్చి ప్యాలెస్‌కి ఒప్పుకున్నారుగా, మాకెందుకు కాదంటారు అని అడుగుతాడు. దీనికి ఎవరైనా గట్టి సమాధానం చెప్పగా నేనైతే చదవలేదు.

ఇంకోలా అయ్యే వీలుందా అంటే క్లీవ్‌లాండ్ ఉంది. అక్కడా ప్యాలెస్ అనే వోడ్‌విల్ థియేటర్ ఉంది, 1922ది, దాని పక్కనే స్టేట్, ఒహాయో, ఇంకా రెండు. 1970ల మొదట్లో వీటిల్లో కొన్నిటిని కూల్చి పార్కింగ్ చేద్దామనుకున్నారు. రే షెపర్డ్‌సన్ అనే ఆయన, స్కూల్ బోర్డు ఉద్యోగి, పట్టుబట్టి జనాన్ని కూడగట్టాడు, 1973లో స్టేట్ థియేటర్ లాబీలోనే ఒక చిన్న సంగీత నాటకం వేయిస్తే అది రెండేళ్లు నడిచింది. తర్వాత ఒక్కొక్కటీ బాగుచేసి ప్యాలెస్‌ని 1988లో తెరిచారు, ఎక్కడివి అక్కడే, లాభాపేక్ష లేని సంస్థ చేతుల్లో. కాకపోతే అక్కడ పోటీ కార్ల పార్కింగ్‌తో, టైమ్స్ స్క్వేర్‌లో పోటీ నేల రేటుతో, కాబట్టి క్లీవ్‌లాండ్‌ని చూపించి న్యూయార్క్‌ని తిట్టడం పూర్తి న్యాయం కాదు. కానీ క్లీవ్‌లాండ్ లాంటి ఊళ్లే ఇప్పుడు న్యూయార్క్‌ని చూపించి టవర్ల గురించి మాట్లాడితే అది మాత్రం ఆలోచించాల్సిందే, ఎందుకంటే 250 కోట్ల లెక్క కుదిరింది ఆ ఒక్క చౌరస్తాలో.

న్యూయార్క్ ప్యాలెస్ 2024 మే చివర్లో గాయకుడు బెన్ ప్లాట్ కచేరీలతో మళ్లీ తెరుచుకుంది. ఆ తర్వాత వచ్చిన మొదటి పెద్ద మ్యూజికల్, ఎల్టన్ జాన్ సంగీతం ఇచ్చింది, ఓపెనయ్యాక 29 షోలకే డిసెంబర్‌లో మూతపడింది, చూశారా పైకెక్కించిన థియేటర్‌కి జనం రారు అన్నారు వ్యతిరేకించేవాళ్లు. 2025లో కియరన్ కల్కిన్, బాబ్ ఓడెన్‌కర్క్ ఉన్న నాటకం వారానికి 20 లక్షల డాలర్ల పైన వసూలు చేసింది, చూశారా వస్తారు అన్నారు సమర్థించేవాళ్లు. 1987 గుర్తింపు కాగితం గురించి మాత్రం ఇద్దరూ ఎత్తట్లేదు.