ప్రశ్న ఏ సభకు వెళ్లాలి?

గుణుపురంతో ఆగిపోయే రైలు లైను గురించి ఇక్కడ దక్షిణ ఒడిశాలో జనం ఎమ్మెల్యేని అడుగుతారు. ఆస్పత్రిలో డాక్టరు లేడని ఎంపీ దగ్గరకు వెళ్తారు. రైలు గురించి జవాబు చెప్పాల్సిన మంత్రి ఢిల్లీలో పార్లమెంటు ముందు ఉంటాడు. డాక్టరు పోస్టు గురించి చెప్పాల్సిన మంత్రి భువనేశ్వర్‌లో శాసనసభ ముందు ఉంటాడు. ప్రతినిధులిద్దరూ అర్జీ తీసుకుంటారు, చూస్తామంటారు. ఆ అర్జీ సభలో ప్రశ్నగా మారిందా, మంత్రి ఏం చెప్పాడు అన్న సంగతి మాత్రం తిరిగి ఊరికి చేరడం తక్కువ.

గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్, మల్కనగిరి జిల్లాల తెలుగువాళ్లకు ఈ తికమక ఊరికే రాలేదు. ఈ నేల గురించి ప్రభుత్వాన్ని అడిగే చోటు మారుతూ వచ్చింది. ఒకప్పుడు మద్రాసు, తర్వాత కటక్, ఇప్పుడు భువనేశ్వర్, ఢిల్లీ. కొన్ని ఊళ్ల విషయంలో అమరావతి కూడా. అడిగే హక్కయినా ఒక్కసారిగా దక్కింది కాదు.

1861 కౌన్సిళ్ల చట్టం కింద ఏర్పడిన సభల్లో సభ్యులకు ప్రశ్న వేసే హక్కే లేదు. 1892 చట్టం ఆ హక్కు ఇచ్చింది, అదీ సగమే. ప్రశ్న వేయవచ్చు, జవాబు వినవచ్చు, దాని మీద మరో మాట అడగకూడదు. బడ్జెట్ మీద మాట్లాడవచ్చు, ఓటు లేదు. ఆ చట్టం కింద గవర్నర్ జనరల్ కౌన్సిల్‌లో మొదటి ప్రశ్నను 1893 ఫిబ్రవరిలో అవధ్ ప్రాంతపు భింగా రాజా వేశారు. దొరలు పర్యటనకు వచ్చినప్పుడు వాళ్లకు సామాన్లు సమకూర్చలేక ఊరి దుకాణదారులు పడుతున్న ఇబ్బంది గురించి ఆ ప్రశ్న. అలా వచ్చిన మొదటి ప్రశ్న యుద్ధం గురించీ కాదు, ఖజానా గురించీ కాదు, పల్లెటూరి కొట్టు గురించి. మా ఏజెన్సీలో దొరల ప్రయాణాలకు వెట్టి మోసిన కుటుంబాలకు ఆ ఇబ్బంది ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

1909 సంస్కరణలతో అనుబంధ ప్రశ్న, అంటే జవాబు మీద మరో ప్రశ్న, వచ్చింది, కానీ మొదటి ప్రశ్న వేసినవాడే అది అడగాలి. 1919 చట్టం తర్వాత మిగతా సభ్యులకూ ఆ అవకాశం దక్కింది, సభలో మొదటి గంట ప్రశ్నలకు కేటాయించారు. మంత్రికి అసలు పరీక్ష ఇక్కడే మొదలవుతుంది. ముందే రాసుకొచ్చిన జవాబు చదవడం ఎవరికైనా తేలికే. "సరే, ఆ డబ్బులో మా తాలూకాకు ఎంత వచ్చింది?" అని ఇంకొకరు లేచి అడిగినప్పుడు తెలుస్తుంది, ఆ మంత్రికి తన శాఖ ఎంత తెలుసో.

అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో ద్వంద్వ పాలన. విద్య లాంటి కొన్ని శాఖలు సభకు బాధ్యత వహించే మంత్రుల చేతికి వచ్చాయి. పోలీసు, భూమి శిస్తు లాంటివి గవర్నర్ దగ్గరే ఉండిపోయాయి. వాటికి సభ డబ్బు కాదన్నా గవర్నర్ తిరిగి మంజూరు చేసుకోగలడు. 1921 నుంచి 1926 దాకా విద్యాశాఖ చూసిన మంత్రి బరంపురానికి చెందిన ఎ.పి. పాత్రో. ఆంధ్ర విశ్వవిద్యాలయం బిల్లును సభలో పెట్టింది ఆయనే. అంటే బరంపురం మనిషి మంత్రిగా నిలబడి మద్రాసు సభకు జవాబు చెప్పిన రోజులు ఉన్నాయి.

కానీ కొండ మీద సంగతి వేరు. 1839 చట్టంతోనే గంజాం, విశాఖపట్నం ఏజెన్సీలను మామూలు చట్టాల నుంచి తప్పించి, కలెక్టరును గవర్నర్ ఏజెంటుగా పెట్టారు. 1919 తర్వాత వాటికి "వెనుకబడిన ప్రాంతాలు" అని పేరు పెట్టారు. సభ చేసిన చట్టం అక్కడ వర్తించాలంటే విడిగా ఆదేశం రావాలి. కింద మైదానంలో ఓటు, మంత్రి, ప్రశ్న. పైన ఏజెంటు మాటే శాసనం. కొరాపుట్, రాయగడ, మల్కనగిరి ప్రాంతాల్లో ప్రశ్న అడిగే అలవాటు ఆలస్యంగా మొదలైందంటే దానికి ఈ దాదాపు వందేళ్ల తేడా ఒక పెద్ద కారణమని నా అభిప్రాయం. జనం అడగకపోవడం వాళ్ల స్వభావం కాదు. అడిగే తోవ వాళ్లకు చట్టమే మూసింది.

1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడింది. బరంపురం, పర్లాకిమిడి, కొరాపుట్ మద్రాసు నుంచి విడిపోయాయి. బరంపురంలో పుట్టిన వి.వి. గిరి అప్పటికి ఢిల్లీలో కేంద్ర శాసనసభ సభ్యుడు. మరుసటి ఏడాది ఆయన బొబ్బిలి నుంచి మద్రాసు శాసనసభకు గెలిచి, అక్కడ కార్మిక మంత్రి అయ్యారు. పుట్టిన ఊరు ఒడిశాలో, జవాబు చెప్పే సభ మద్రాసులో. ఇటువైపు బెలగాం గ్రామంలో పుట్టిన బిశ్వనాథ్ దాస్ 1921 నుంచి మద్రాసు కౌన్సిల్‌లో కూర్చున్న మనిషి, 1937 జులైలో ఒడిశా ప్రధాని అయ్యారు (రాష్ట్ర ముఖ్యమంత్రిని అప్పుడు అలా పిలిచేవారు). అంతకుముందు ఏప్రిల్‌లో పర్లాకిమిడి మహారాజా కృష్ణచంద్ర గజపతి తాత్కాలిక మంత్రివర్గం ఏర్పాటు చేశారు గానీ, అది సభను ఎదుర్కోకుండానే దిగిపోయింది. గంజాం ఏజెన్సీ, కొరాపుట్ ఇప్పుడు "పాక్షికంగా మినహాయించిన ప్రాంతాలు" అయ్యాయి. పేరు మారింది, గవర్నర్ ప్రత్యేక అధికారం పోలేదు. గిరిజన ప్రాంతాల పాలన గురించి రాజ్యాంగంలో ఉన్న ఈనాటి అయిదో షెడ్యూలుకు మూలం అక్కడుంది.

రాజ్యాంగం వచ్చాక నియమం సూటిగా మారింది. మంత్రివర్గం మొత్తం కలిసి దిగువ సభకు బాధ్యత వహించాలి. కేంద్రంలో 75వ అధికరణం, రాష్ట్రంలో 164వ అధికరణం. ఆ బాధ్యత చివరి మెట్టు ఏమిటో కొరాపుట్‌కు బాగా తెలుసు. 1999 ఏప్రిల్ 17న వాజపేయి ప్రభుత్వం లోక్‌సభలో ఒక్క ఓటుతో పడిపోయినప్పుడు, అప్పటికే ఒడిశా ముఖ్యమంత్రి అయినా ఎంపీ పదవి వదలని గిరిధర్ గమాంగ్ కొరాపుట్ సభ్యుడిగా ఓటు వేశారు. నిర్ణయం ఆయన మనస్సాక్షికే వదిలేసిన స్పీకరు మన అమలాపురం బాలయోగి.

రోజువారీ పని మాత్రం చిన్న కాగితాల మీద నడుస్తుంది. లోక్‌సభలో రోజుకు 20 నక్షత్రం గుర్తు ప్రశ్నలు, 230 గుర్తు లేని ప్రశ్నలు జాబితాకెక్కుతాయి. గుర్తు ఉన్నవాటికి మంత్రి నోటితో జవాబు చెప్పాలి, అనుబంధ ప్రశ్నలు ఎదుర్కోవాలి. గుర్తు లేనివాటికి రాతలో జవాబు వస్తుంది. ఆ గంటలో సాధారణంగా నాలుగైదు ప్రశ్నలకు మించి నోటి జవాబు దాకా రావు. టీవీలో కనిపించేది అదే కాబట్టి పేరంతా వాటికే. అయితే ఊరికి పనికొచ్చేది గుర్తు లేని ప్రశ్నే అంటాను. ఏ ఏడాది ఎంత మంజూరైంది, ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది, పని ఎంతవరకు వచ్చింది అని జిల్లా పేరుతో అడిగితే, మంత్రి పేరుతో అంకెలు కాగితం మీదకు వస్తాయి. సభకు తప్పుడు జవాబిస్తే అది సభా హక్కుల ఉల్లంఘన దాకా వెళ్లగల విషయం. ఆఫీసు గుమాస్తా నోటిమాటకు ఆ బరువు ఉండదు.

ఒక ప్రశ్న ఎంత దూరం వెళ్లగలదో 1957 చూపించింది. ప్రభుత్వ బీమా సంస్థ ఎల్ఐసీ, వ్యాపారి ముంధ్రా కంపెనీల్లో షేర్లు కొన్న సంగతి మీద లోక్‌సభలో ప్రశ్న వచ్చింది. ఫిరోజ్ గాంధీ దాన్ని వదలకుండా పట్టుకున్నారు. 1.24 కోట్ల రూపాయల వ్యవహారం. చాగ్లా కమిషన్ బహిరంగ విచారణ జరిపింది, 1958 ఫిబ్రవరిలో ఆర్థిక మంత్రి టి.టి. కృష్ణమాచారి రాజీనామా చేశారు. మంత్రిది, ప్రశ్న వేసినవాడిది ఒకే పార్టీ. ఈ రోజుల్లో పాలక పక్షం సభ్యులు గుర్తు పెట్టుకోవాల్సిన సంగతి అది.

ఖర్చు విషయంలో సభకు ఇంకా పెద్ద ఆయుధాలున్నాయి. శాఖల పద్దులు ఒక్కొక్కటిగా ఓటుకు వస్తాయి, మొత్తం తగ్గించమని కోత తీర్మానాలు పెట్టవచ్చు. గడువు ముగిశాక చర్చ కాని పద్దులన్నీ ఒకేసారి ఓటుకు పెట్టేస్తారు, దాన్ని గిలెటిన్ అంటారు. ఖర్చు అయిపోయాక ప్రభుత్వ లెక్కలు తనిఖీ చేసే కాగ్ నివేదిక వస్తుంది, సభ్యుల ప్రభుత్వ లెక్కల కమిటీ (పీఏసీ) దాన్ని చూస్తుంది. ఇదంతా అవసరమే. కానీ కాశీనగర్ రైతుకు కాగ్ నివేదిక చేతికందేసరికి కాలవ గట్టు తెగి రెండు మూడు పంటలు పోయి ఉంటాయి. ప్రశ్న అంతకంటే వేగంగా అందే పనిముట్టు.

ఇక సరిహద్దు చిక్కు. ప్రశ్నను స్వీకరించడానికి సభలకు నిబంధనలున్నాయి. ఆ ప్రభుత్వానికి ప్రధానంగా సంబంధం లేని విషయం అడగకూడదు. కోర్టు విచారణలో ఉన్న విషయం అడగకూడదు. రాష్ట్రం మధ్యలో ఉన్న జిల్లాకు ఈ రెండూ పెద్దగా అడ్డు రావు. మాకు అడుగడుగునా తగులుతాయి, ఎందుకంటే మా పెద్ద సమస్యలన్నీ పక్క రాష్ట్రంతో ముడిపడినవే, చాలావరకు కోర్టుల్లో, ట్రిబ్యునళ్లలో ఉన్నవే.

కొఠియా తీసుకోండి. కొరాపుట్ జిల్లా పొట్టంగి బ్లాకుకూ, అవతల సాలూరు మండలానికీ మధ్య 21 ఊళ్లు. 1968లో ఒడిశా సుప్రీంకోర్టుకు వెళ్లింది. యథాతథ స్థితి అన్నారు. 2006లో దావా సాంకేతిక కారణాలతో ముగిసింది, యథాతథ స్థితి మాత్రం మిగిలింది. 2021లో ఆంధ్రప్రదేశ్ అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా ధిక్కార పిటిషన్ వేసింది. ఆ ఊళ్లలో రెండు రాష్ట్రాల రేషన్ కార్డులున్నవాళ్లు ఉన్నారు, రెండు వైపులా ఓటు వేసేవాళ్లున్నారు. రెండు ప్రభుత్వాలూ అక్కడ తమ పథకాలు చూపిస్తాయి. అలాంటి ఊరికి రోడ్డు ఎందుకు లేదని అడిగితే ఇద్దరు మంత్రుల దగ్గరా కోర్టు పేరు సిద్ధంగా ఉంటుంది. భూమి ఎవరిదన్న వివాదం కోర్టుది. బడిలో టీచరు ఉన్నాడా, సబ్‌సెంటర్‌లో మందులున్నాయా అన్నది ఏ కోర్టు ముందూ లేదు. ప్రశ్నను ఆ రెండో వైపు నుంచి రాస్తే తోసిపుచ్చడం కష్టం. ఇది తెలిసిన సభ్యుడు రెండు సభల్లోనూ కావాలి.

వంశధార ఇంకో ఉదాహరణ. కలహండి కొండల్లో పుట్టి గుణుపురం, కాశీనగర్ మీదుగా శ్రీకాకుళం జిల్లాలోకి దిగే నది. 1962 ఒప్పందం నీటిని సమానంగా పంచింది. 2010లో ట్రిబ్యునల్ ఏర్పడింది, 2017లో ఆంధ్రప్రదేశ్ కట్టాలనుకున్న నేరడి బ్యారేజీకి అనుమతిస్తూ, అందుకు ఒడిశా వైపు 106 ఎకరాలు సేకరించి ఇవ్వాలంది. తీర్పు తర్వాత కూడా గొడవ తెగలేదు. ఒక ఒడ్డు తెలుగువాళ్లు నీళ్లు రావాలంటారు, ఇంకో ఒడ్డు తెలుగువాళ్లు పొలం మునుగుతుందంటారు. బంధుత్వాలు రెండు ఒడ్ల మీదా ఉన్నాయి. వాళ్ల ప్రశ్నలు మాత్రం ఎప్పుడూ ఒకే సభలో కలవవు. మల్కనగిరి జిల్లా మోటు వైపు పోలవరం ముంపు భయం కూడా అంతే. 2007 నుంచి ఒడిశా దావా సుప్రీంకోర్టులో ఉంది. పనిచేసేది ఆంధ్రప్రదేశ్, 2014 నుంచి జాతీయ ప్రాజెక్టు కాబట్టి డబ్బు కేంద్రానిది, మునిగే భయం ఇక్కడ. ఈ మూడింటినీ కలిపి అడగగలిగే చోటు పార్లమెంటు ఒక్కటే, అందుకే ఈ విషయంలో బరువంతా ఎంపీల మీద పడుతుంది.

జవాబు వచ్చాక జరిగేదే నాకు ఎక్కువ దిగులు. "పరిశీలనలో ఉంది", "సమాచారం సేకరిస్తున్నాం" అని మంత్రి అంటే అది హామీ కింద లెక్క. లోక్‌సభలో 1953 నుంచి హామీల కమిటీ ఉంది, మూడు నెలల్లో హామీ నెరవేర్చాలని నియమం. రాష్ట్రాల శాసనసభల్లోనూ అలాంటి కమిటీలున్నాయి. చిత్రకొండ జలాశయం మధ్య చిక్కుకున్న మల్కనగిరి ఊళ్లకు గురుప్రియ వంతెన శంకుస్థాపన 1982లో జరిగింది. 910 మీటర్ల ఆ వంతెన 2018 జులై 26న తెరుచుకుంది. మావోయిస్టుల భయం వల్ల కాంట్రాక్టర్లు ముందుకు రాలేదన్నది నిజమే. అయినా 36 ఏళ్లు పడవల మీదే గర్భిణులు ఆస్పత్రికి వెళ్లారు. ఒక హామీని ఏటా లేపి అడిగేవాళ్లు జిల్లాలో లేకపోతే ఏమవుతుందో అది చెబుతుంది.

భాష కూడా ఒక అడ్డే. 210వ అధికరణం ప్రకారం శాసనసభ పని రాష్ట్ర అధికార భాషలో గానీ, హిందీ, ఇంగ్లీషుల్లో గానీ జరగాలి. ఇవి సరిగా రాని సభ్యుడు మాతృభాషలో మాట్లాడటానికి స్పీకరు అనుమతించవచ్చు. ఇక్కడి తెలుగు ఎమ్మెల్యేలకు ఒడియా బాగానే వచ్చు కాబట్టి సభలో ఇబ్బంది లేదు. జవాబు కాగితం ఊరికి వచ్చినప్పుడే ఇబ్బంది. తెలుగు మీడియం బళ్లలో టీచర్ల ఖాళీల గురించి వచ్చిన జవాబును ఆ బడిలో చదివే పిల్లల తల్లిదండ్రులు చదవలేకపోతే, రెండో ప్రశ్న ఎక్కడి నుంచి వస్తుంది? రాజ్యాంగం 350బి అధికరణం కింద భాషా అల్పసంఖ్యాకుల కమిషనర్ 1957 నుంచి ఉన్నారు, ఆయన నివేదికలు పార్లమెంటు ముందుకు వెళ్తాయి. మన సంఘాలు సన్మానాలకు పెట్టే ఖర్చులో కొంత ఈ జవాబులను తెలుగులోకి మార్చి పంచడానికి పెడితే బాగుంటుంది.

ప్రశ్న విలువ తగ్గించిన సంఘటనలూ ఉన్నాయి. 2005 డిసెంబరులో, ప్రశ్నలు వేయడానికి డబ్బు తీసుకున్న వ్యవహారంలో 11 మంది ఎంపీలను పార్లమెంటు బహిష్కరించింది. 2020 సెప్టెంబరులో కోవిడ్ పేరుతో ప్రశ్నోత్తరాల సమయాన్నే తీసేశారు, రాత జవాబులు మాత్రం మిగిలాయి. గొడవలతో వాయిదా పడే రోజుల్లో ముందు పోయేది ఆ గంటే.

ఇటీవల ఇంకో మార్పు వచ్చింది. 2005 సమాచార హక్కు చట్టం 8(1)(జె) కింద, పార్లమెంటుకు లేదా శాసనసభకు నిరాకరించలేని సమాచారాన్ని ఏ వ్యక్తికీ నిరాకరించకూడదని ఒక వాక్యం ఉండేది. ఎమ్మెల్యేకి చెప్పేది పౌరుడికీ చెప్పాలన్నమాట. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం ఆ వాక్యాన్ని తీసేసింది. ప్రజా ప్రయోజనం ఎక్కువగా ఉంటే సమాచారం ఇవ్వవచ్చన్న నిబంధన మిగిలి ఉంది గానీ, అది అధికారి నిర్ణయం మీద నడుస్తుంది. ముంపు పరిహారం ఎవరికి ఎంత అందింది, ఇళ్ల జాబితాలో ఎవరి పేరుంది అని అడిగితే వ్యక్తిగత సమాచారమని తిప్పి పంపే వీలు ఇప్పుడు పెరిగింది. అందుకే వచ్చే సమావేశాలకు ముందే, గ్రామం పేరు, పథకం పేరు, ఏ సంవత్సరమో రాసి, రాత జవాబు కోరే ప్రశ్న వేయమని ఎమ్మెల్యేని, ఎంపీని విడివిడిగా కోరాలి. లోక్‌సభకయితే కనీసం 15 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి.