ఏడాది పాటు ఆగిన ఓటు: తిరుపతి కార్పొరేషన్ వెనుక కథ

తిరుపతి కార్పొరేషన్ అయింది 2007లో. తొలి మేయర్ వచ్చింది 2021లో. మధ్యలో అంతా అధికారుల పాలనే. ఇన్నేళ్లకు ఓటు వస్తోందని ఊరు సంబరపడుతున్న టైమ్‌లోనే కరోనా దిగింది.

2020 మార్చి 23న మునిసిపల్ పోలింగ్ జరగాలి. నామినేషన్లు పడ్డాయి, పోటీ లేక కొన్ని డివిజన్లు ఏకగ్రీవమూ అయ్యాయి. మార్చి 15న రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేశ్‌కుమార్ ఆరు వారాల వాయిదా ప్రకటించారు. చిత్తూరు, గుంటూరు కలెక్టర్లను మార్చాలనీ అన్నారు. ప్రభుత్వానికి అసలు మంట అక్కడే రేగిందని నా అనుమానం.

ఏప్రిల్ 10న ఆర్డినెన్స్ వచ్చింది. కమిషనర్ పదవీకాలం ఐదేళ్ల నుంచి మూడేళ్లకు తగ్గడంతో ఆయన కుర్చీ పోయింది. మద్రాస్ హైకోర్టు మాజీ న్యాయమూర్తి కనగరాజ్ వచ్చారు. ఆయనా నిలిచింది నెలన్నరే. మే 29న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఆ ఆర్డినెన్స్‌ను కొట్టేసింది. జులై చివరికి రమేశ్‌కుమార్ మళ్లీ వచ్చారు.

ఆ గొడవ అక్కడ నడుస్తుంటే, ఇక్కడ కొండ మీద దర్శనాలు ఆగాయి. భక్తులు దిగే శ్రీనివాసం, విష్ణునివాసం కోవిడ్ కేంద్రాలయ్యాయి. వీధిలో బ్లీచింగ్ చల్లలేదని అడగడానికి కార్పొరేటర్ లేడు. ప్రభుత్వం పెట్టిన వార్డు వలంటీర్‌నే పట్టుకోవాలి. నామినేషన్ వేసినవాళ్లు కొందరు కూరగాయల సంచులు పంచి, తర్వాత కనపడటం మానేశారు. మా వీధి మొదట్లో గుమ్మానికి అంటించిన ఒక కరపత్రం సంక్రాంతి దాకా ఉంది. చేతులు జోడించిన అభ్యర్థి ముఖం ఎండకు వెలిసిపోయింది, గుర్తు మాత్రం మిగిలింది.

2020 సెప్టెంబరులో తిరుపతి ఎంపీ బల్లి దుర్గాప్రసాదరావు కరోనాతో చనిపోయారు.

2021లో ఎన్నిక ఆగినచోటి నుంచే మళ్లీ మొదలైంది. పాత ఏకగ్రీవాలు అలాగే నిలిచాయి. పక్కనున్న చిత్తూరు కార్పొరేషన్‌లో 50 డివిజన్లకు 37 పోటీ లేకుండానే పోయాయి. తిరుపతిలో ఒక డివిజన్ ఎన్నిక ఆగింది, మిగతా 49లో 48 వైసీపీవే. మార్చి 18న డాక్టర్ శిరీష మేయరయ్యారు. ఏప్రిల్ 17న, రెండో వేవ్ నడుమ, ఎంపీ ఉప ఎన్నిక. మే 10 రాత్రి తిరుపతి ప్రభుత్వాసుపత్రి రుయాలో ఆక్సిజన్ అందక 11 మంది చనిపోయారు. కొత్త కౌన్సిల్‌కు అప్పటికి రెండు నెలలు కూడా నిండలేదు.

2024లో రాష్ట్రంలో ప్రభుత్వం మారాక కొందరు కార్పొరేటర్ల కండువాలూ మారాయి. 2025 ఫిబ్రవరి 3న డిప్యూటీ మేయర్ ఎన్నిక కోరం లేక ఆగింది. మర్నాడు ఆ కుర్చీ టీడీపీకి వెళ్లింది.