మాటలు తినడం: ఇంగ్లీషులో ఒకటి, చైనీస్‌లో ఇంకోటి

జ్వరమొచ్చి లీవ్ పెట్టిన రోజు మా టీమ్‌లో చైనా అమ్మాయి ఇంగ్లీషులో మెసేజ్ పెట్టింది, 'మెడిసిన్ ఈట్ చేశావా' అని. ఇంగ్లీషులో మందు 'టేక్' చేస్తారు, మనం వేసుకుంటాం, చైనీస్‌లో మాత్రం తింటారు. 'చి యావ్' అంటారు, చి అంటే తినడం, యావ్ అంటే మందు. అప్పట్నుంచి ఈ ఈట్ అనే చిన్న మాట నన్ను వదల్లేదు.

చైనీస్‌లో తినేవి చాలానే ఉన్నాయి. కష్టాలు పడితే 'చి ఖూ', చేదు తినడం. నష్టపోతే 'చి ఖ్వే', నష్టం తినడం. ప్రేమ విషయంలో కుళ్ళుకుంటే 'చి త్సూ', అంటే వెనిగర్ తినడం. దీనికో కథ కూడా చెప్పుకుంటారు, 7వ శతాబ్దంలో థాంగ్ చక్రవర్తి తైజోంగ్ తన మంత్రికి ఇంకో ఆడమనిషిని ఇవ్వబోతే మంత్రి భార్య ససేమిరా అందట, అయితే ఈ విషం తాగు అని గిన్నె ఇస్తే గటగటా తాగేసిందట, తీరా చూస్తే అది వెనిగర్.

మనకి ఇదేం వింత కాదు, మనమూ దెబ్బలు తింటాం, తిట్లు తింటాం. మీద పడ్డదాన్ని భరించడం కూడా తినడమే. ఇంగ్లీషు ఈట్‌లో ఈ వైపు చాలా తక్కువ, అక్కడ తిన్నది మాయమైపోవడమే ముఖ్యం. తుప్పు ఇనుముని తింటుంది, ఖర్చులు సేవింగ్స్‌ని తింటాయి, డల్‌గా ఉన్న మనిషిని 'వాట్స్ ఈటింగ్ యూ' అని అడుగుతారు. మొదటిసారి విన్న చైనీస్ స్టూడెంట్‌కి నన్నెవరు తింటున్నారు అనిపిస్తుంది, మనకైతే దిగులు మనిషిని తినేస్తుందని తెలుసు కాబట్టి వెంటనే అందుతుంది. తినేవాడికి ఏమైంది, తినబడ్డదానికి ఏమైంది, ఈ రెండు వైపుల నుంచీ కొత్త అర్థాలు పుడతాయని జాన్ న్యూమన్ అనే భాషాశాస్త్రవేత్త చూపించారు. తెలుగులో రెండూ గట్టిగా ఉండటం నాకు భలే నచ్చింది.

ఇంకో సంగతి, మా టీమ్‌లోని ఆ చైనా అమ్మాయి మందు 'ఈట్' చేస్తుంది గానీ చేదు తిన్నానని ఇంగ్లీషులో ఎప్పుడూ అనలేదు. 1970ల్లో ఎరిక్ కెల్లర్‌మన్ అనే భాషా పరిశోధకుడు డచ్ విద్యార్థుల్లో ఇలాంటిదే గమనించారు, కాలు విరగడానికి వాళ్ళు ఇంగ్లీషులో 'బ్రేక్' వాడొచ్చని ధైర్యంగా ఒప్పుకున్నారు, సమ్మెని 'బ్రేక్' చేయడం దగ్గర మాత్రం అనుమానపడ్డారు, రెండు భాషల్లోనూ ఆ వాడుక ఉన్నా సరే. అసలు అర్థంలా అనిపించింది నిస్సంకోచంగా అవతలి భాషలోకి వెళ్ళిపోతుంది, అలంకారం అనిపిస్తే మన భాషకే సొంతమేమో అని ఆగిపోతారు.

ఆగినా తప్పించుకోలేనిది ఒకటుంది. 'ఐ హ్యాడ్ టు ఈట్ మై వర్డ్స్' అంటే ఇంగ్లీషులో నేనన్నది తప్పని తలొంచుకుని ఒప్పుకోవడం. చైనీస్‌లో 'షి యెన్' అన్నా అక్షరాలా మాట తినడమే, అర్థం మాత్రం ఇచ్చిన మాట తప్పడం. తెలుగులో మాట మింగేశాడంటే చెప్పబోయి ఆగిపోయాడని. బొమ్మ ఒకటే, అర్థాలు మూడు. అంటే మీటింగ్‌లో ఒకాయన నిజాయితీగా తప్పు ఒప్పుకుంటే చైనీస్ వినేవాళ్ళకి ఈయన మాట మీద నిలబడడు అని వినపడే ప్రమాదం ఉంది, పదం పదం తెలిసి కూడా.

ఆ అర్థం వాళ్ళలో ఎంత పాతదంటే, క్రీ.పూ. 5వ శతాబ్దంలో చైనాలో 'లు' అనే రాజ్యాన్ని ఏలిన 'ఐ' అనే ప్రభువు ఇచ్చిన విందులో ఒక మంత్రి ఇంకొకాయన్ని ఎందుకింత లావయ్యావు అని వెక్కిరిస్తే ఐ అందుకుని, అన్నేసి మాటలు తింటే లావెక్కకుండా ఎలా ఉంటాడు అన్నాడట. ఆ చురక లావాయనకి కాదు, ఇచ్చిన మాటలు తప్పుతూ వచ్చిన ఆ మంత్రికే.