నూనె రంగు ఆరదు

పాత సామాన్ల దుకాణంలో చిత్రకారులు వాడిన రంగుల పెట్టె కనబడితే మూత తీసి చూడండి. ప్యాలెట్ మీద మిగిలిన రంగు రాయిలా బిగుసుకుపోయి ఉంటుంది. పక్కనే ఉన్న ట్యూబ్‌కి మూత సరిగ్గా బిగించి ఉంటే, లోపలి రంగు ఇంకా మెత్తగానే ఉండొచ్చు. రెండిటి వయసూ ఒకటే, కానీ ఒకదానికి గాలి తగిలింది, రెండోదానికి తగల్లేదు.

నీటి రంగు ఆరడమంటే నీరు ఆవిరైపోవడం. నూనె రంగు సంగతి వేరు. అందులో రంగు పొడిని పట్టి ఉంచేది ఎక్కువగా అవిసె నూనె. ఆ నూనె ఆవిరి కాదు. గాలిలోని ఆక్సిజన్‌ని పీల్చుకుని, నూనె అణువులు ఒకదానితో ఒకటి ముడిపడి వలలా అల్లుకుంటాయి. అందుకే మొదటి రోజుల్లో పూసిన రంగు బరువు తగ్గకపోగా కాస్త పెరుగుతుంది! కొద్ది రోజుల్లో చేతికి అంటడం మానేసినా, మందంగా వేసిన చోట లోపలిదాకా గట్టిపడటానికి ఏళ్లు పట్టొచ్చు. కొబ్బరి నూనెకి ఇలా ముడిపడే గుణం దాదాపు లేదు. దాంతో బొమ్మ వేస్తే జిడ్డు వదలదు.

ఈ చర్యలో వేడి పుడుతుంది. స్టూడియోలో నిజంగా టెన్షన్ పడాల్సింది దీని గురించే. అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే, వేడి బయటికి పోయే దారి లేక వాటంతటవే అంటుకోగలవు. వాటిని విడివిడిగా పరిచి ఆరబెట్టాలి, లేదా నీళ్లలో తడిపి మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయాలి.

ట్యూబులు రాకముందు రంగుల్ని పంది మూత్రాశయంతో చేసిన చిన్న సంచుల్లో కట్టి అమ్మేవారు. ఒకసారి పొడిచి రంగు పిండుకున్నాక ఆ కన్నాన్ని సరిగ్గా మూయడం కష్టం. 1841లో జాన్ గాఫ్ రాండ్ అనే అమెరికన్ చిత్రకారుడు తగరంతో పిండుకునే ట్యూబ్ తయారుచేసి పేటెంట్ తీసుకున్నాడు. రంగులు జేబులో వేసుకుని పొలాల్లోకి, నదీ తీరాలకి వెళ్లడం ఆ తర్వాత ఎంతో సులువైంది.

పాత ట్యూబులు దొరికితే ముచ్చట పడండి కానీ ఉత్త చేతులతో తెరవకండి. తెలుపులో సీసం, ఎమరాల్డ్ గ్రీన్‌లో ఆర్సెనిక్ ఉండొచ్చు. గట్టిపడిన రంగుని గీకితే లేచే దుమ్ము మరీ ప్రమాదం.

తెలుపు రంగు ఒక్కోసారి సాక్ష్యం కూడా చెబుతుంది. టైటానియం తెలుపు చిత్రకారుల చేతికి వచ్చింది మొదటి ప్రపంచ యుద్ధం తర్వాతే. జర్మనీలో వోల్ఫ్‌గాంగ్ బెల్ట్రాకీ నకిలీ చిత్రాలు వేసి, పేరున్న చిత్రకారులవని చెప్పి అమ్మేవాడు. పాత కాన్వాసులు, పాత ఫ్రేములు వెతికి తెచ్చేంత జాగ్రత్త అతనిది. 1914 నాటిదని అమ్మిన ఒక చిత్రంలో మాత్రం టైటానియం బయటపడింది. తాను వాడింది జింక్ తెలుపేనని, ట్యూబ్ మీద టైటానియం ఊసే లేదని తర్వాత చెప్పుకున్నాడు. 2011లో కోర్టు అతనికి ఆరేళ్ల జైలు శిక్ష వేసింది.