షుగర్ మాత్ర, పేగుల్లోని బ్యాక్టీరియా

మెట్‌ఫార్మిన్ అనగానే అది రక్తంలో కలిసి, కాలేయానికి చేరి, అక్కడ గ్లూకోజు తయారీని తగ్గిస్తుందని అనుకుంటాం. అది నిజమే కానీ, అంతటితో అయిపోలేదు. ఇన్సులిన్‌కు శరీరం సరిగా స్పందించని టైప్ 2 మధుమేహానికి వైద్యులు సాధారణంగా ముందు రాసే మాత్ర ఇది. హార్మోన్ల తేడాతో నెలసరి గతి తప్పే పీసీఓఎస్ సమస్య ఉన్న ఆడవాళ్లలో కొందరికీ ఇస్తారు. ఫ్రెంచి వైద్యుడు జాన్ స్టెర్న్ 1957లో దీన్ని మధుమేహానికి వాడిన ఫలితాలు ప్రకటించాడు. ఇన్నేళ్ల తర్వాత కూడా ఈ మందు గురించి కొత్త విషయాలు బయటపడుతూనే ఉన్నాయి.

మింగిన మెట్‌ఫార్మిన్‌లో రక్తంలోకి చేరేది సగం, లేదా అంతకు కాస్త ఎక్కువ. మిగతాది పేగుల్లోనే ఉండిపోతుంది. అందుకే పేగుల్లో దీని గాఢత రక్తంలో కంటే 30 నుంచి 300 రెట్లు ఎక్కువ ఉంటుంది. కడుపులో కరగకుండా చిన్నపేగు చివరి భాగానికి వెళ్లాక కరిగే మాత్రను తయారుచేసి పరీక్షిస్తే, రక్తంలో మందు చాలా తక్కువే కనిపించింది. అయినా చక్కెర తగ్గింది. అంటే ఈ మందు పనిలో పేగులకు పెద్ద వాటాయే ఉంది. అక్కడ ఉండేది పేగు గోడలు మాత్రమే కాదు, లక్షల కోట్ల బ్యాక్టీరియా కూడా.

2012లో చైనాలో, 2013లో స్వీడన్‌లో మధుమేహుల పేగు బ్యాక్టీరియాపై పెద్ద అధ్యయనాలు వచ్చాయి. రెండింటి ఫలితాలూ ఒకదానితో ఒకటి సరిపోలలేదు. చిక్కుముడి 2015లో వీడింది. డెన్మార్క్, స్వీడన్, చైనాలకు చెందిన 784 మంది మల నమూనాలను తీసుకుని, మెట్‌ఫార్మిన్ వాడేవారినీ వాడనివారినీ వేరుచేసి చూశారు. జబ్బు వల్ల వచ్చాయనుకున్న మార్పుల్లో చాలావరకు మందు తెచ్చినవేనని తేలింది. మాత్ర వేసుకునేవారిలో ఎషెరీషియా జాతి బ్యాక్టీరియా పెరిగింది, ఇంటెస్టినిబ్యాక్టర్ తగ్గింది. మందు వాడని మధుమేహుల్లో మాత్రం పేగు గోడకు మేలుచేసే బ్యూటిరేట్‌ను తయారుచేసే బ్యాక్టీరియా తక్కువగా ఉంది. ఇది జబ్బుకు సంబంధించిన తేడా. వాడుతున్న మందులేమిటో అడగకుండా మలపరీక్ష చేసి, మీ పేగుల ఆరోగ్యం ఇదీ అని చెప్పే నివేదికలను నేను నమ్మలేకపోవడానికి కారణం ఈ అధ్యయనమే.

2017లో మరో అడుగు పడింది. అప్పటిదాకా మందు మొదలుపెట్టని మధుమేహులకు నాలుగు నెలలపాటు కొందరికి మెట్‌ఫార్మిన్, కొందరికి మందులేని మాత్ర ఇచ్చారు. మెట్‌ఫార్మిన్ తీసుకున్నవారి మలాన్ని, చికిత్సకు ముందుదీ తర్వాతదీ, ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచిన ఎలుకల పేగుల్లోకి ఎక్కించారు. చికిత్స తర్వాతి నమూనా అందుకున్న ఎలుకల శరీరం గ్లూకోజును మెరుగ్గా వాడుకుంది. మందు మార్చిన బ్యాక్టీరియా కూడా చక్కెరను అదుపు చేయడంలో పాలుపంచుకుంటోందనడానికి ఇంతకంటే సూటి ఆధారం నాకు కనిపించలేదు.

మరో మందు సంగతి చూస్తే, థైరాయిడ్ హార్మోను తక్కువైనవారిలో కథ కొంచెం వేరు. హార్మోను తగ్గితే పేగుల కదలిక మందగిస్తుంది, చిన్నపేగులో బ్యాక్టీరియా పేరుకునే అవకాశం పెరుగుతుంది. పరగడుపున వేసుకునే థైరాక్సిన్ మాత్ర ఆ కదలికను మళ్లీ దారిలో పెడుతుంది. ఇక్కడ మందు బ్యాక్టీరియా మీద నేరుగా పనిచేయాల్సిన అవసరం కూడా లేదు, అవి ఉండే చోటు మారితే చాలు.

మెట్‌ఫార్మిన్ మొదలుపెట్టగానే కడుపుబ్బరం, విరేచనాలతో ఇబ్బందిపడి ఎవరికీ చెప్పకుండా మానేసేవారు చాలామంది. దీనికి బ్యాక్టీరియాలో వచ్చే మార్పులు కూడా ఒక కారణం కావచ్చని 2015 నాటి పరిశోధకులు సూచించారు. తక్కువ మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచినా, భోజనంతో వేసుకున్నా, నిదానంగా కరిగే రకానికి మారినా చాలామందికి ఈ బాధ తగ్గుతుంది. ఆ మార్పు చేయాల్సింది వైద్యుడే. ఏళ్ల తరబడి వాడేవారు బి12 పరీక్ష గురించి కూడా అప్పుడే అడగాలి, ఎందుకంటే ఈ మాత్ర పేగుల్లో ఆ విటమిన్ ఇంకడాన్ని తగ్గిస్తుంది.