ఫ్రాకింగ్ భయంతో తోటలు అమ్ముకోకండి: కొన్ని అపోహలు, వాస్తవాలు

పోయిన నెల విజయవాడ పటమటలో ఒక పెళ్లి భోజనాల దగ్గర, నేను గ్యాస్ బావుల్లో ఫ్రాక్ జాబులు (లోతులో ఉన్న రాతిని నీళ్ల ఒత్తిడితో పగలగొట్టి గ్యాస్‌కు దారి చేసే పని, దాన్నే ఫ్రాకింగ్ అంటారు) చేస్తానని తెలియగానే పక్క విస్తరి పెద్దాయన తింటున్న చెయ్యి ఆపేశారు. "అయితే బాబూ, లోపల రాయి పగిలి ఆ మందులన్నీ మా బోర్లోకి వచ్చేస్తాయంట కదా?" ఆ భయంతోనే మండపేట దగ్గర తనకున్న ఎకరంలో అర ఎకరం కొబ్బరితోట అడిగిన రేటుకే ఇచ్చేశారట. నాకు ఆ తర్వాత ముద్ద దిగలేదు. పదిహేనేళ్లుగా ఇదే ప్రశ్న, ఇదే వాట్సాప్ వీడియో!

పగులు పైకి రాదండీ. అటువైపు మేం పగలగొట్టే రాయి 2 కిలోమీటర్లకు పైనే లోతు, అంటే 6,500 అడుగుల పైమాటే, మీ బోరేమో 200 అడుగులు. పగులు మందం కొన్ని మిల్లీమీటర్లు, పైకి సాగేది సాధారణంగా వంద, రెండొందల మీటర్లు, మధ్యలో అడ్డంగా ఎన్నో రాతిపొరలు. పంపు ఆపితే ఆ పగులు మళ్లీ మూసుకుపోతుంది, అందుకే ఉప్మా రవ్వంత గింజ ఉన్న ఇసుకను లోపలికి పంపి తెరిచి ఉంచుతాం.

అలాగని ముప్పే లేదని చెప్పను. అది ఉన్నది పైనే: కేసింగ్ (బావిలో దించే ఉక్కు గొట్టం) చుట్టూ సిమెంటు సరిగా పట్టకపోవడం, బావిలోంచి తిరిగొచ్చే ఉప్పునీళ్లను ఎక్కడపడితే అక్కడ వదలడం. ఒక సైట్‌లో ఆ ఉప్పునీళ్లు నిలిపే గుంటలో పరిచిన ప్లాస్టిక్ షీటు ఒక మూల జానెడు చిరిగి, ఆ పక్క గడ్డి ఎండి, మట్టి మీద తెల్లగా ఉప్పు తేలి ఉంది. షీటు మార్చేదాకా పని ఆపించాను. జనం లోతులో పగులు గురించి నిద్ర మానుకుంటారు, ఈ గుంట గురించి ఒక్కరూ అడగరు, నాకు బాధ అక్కడే.

మిగతావి తొందరగా చెప్పేస్తా. ఇదేదో కొత్త ప్రయోగం కాదు, 1947లోనే అమెరికాలోని కాన్సాస్‌లో చేసి చూశారు, 1949 నుంచి వ్యాపారంగా నడుస్తోంది. లేని చమురును పుట్టించదు, బిగుసుకుపోయిన రాతిలో ఉన్నదానికి దారి చేస్తుంది, అంతే. లోపలికి పంపేదంతా విషం అనేది తప్పు, ఎక్కువ భాగం నీళ్లూ ఇసుకే, జిగురు కోసం కలిపేది చాలాసార్లు మనం కూర వండుకునే గోరుచిక్కుడు గింజల పొడి. కొన్ని రసాయనాలు మాత్రం నిజంగానే హాని చేసేవి, వాటిని జాగ్రత్తగా చూసుకోవాల్సిందే. ఓక్లహోమాలో 2016లో వచ్చిన 5.8 తీవ్రత భూకంపానికి కారణంగా తేల్చింది వ్యర్థజలాలను లోతుకు ఎక్కించడాన్ని, ఫ్రాక్ జాబును కాదు.

పెద్దాయనకు ఒకటే చెప్పాను: దగ్గర్లో పని మొదలవకముందే బోరు నీళ్లు ల్యాబ్‌లో పరీక్ష చేయించి, టీడీఎస్ (నీళ్లలో కరిగి ఉన్న లవణాల మొత్తం), క్లోరైడ్ ఎంతున్నాయో రాయించుకుని ఆ కాగితం దాచుకోండి. రేపు తేడా వస్తే మీ చేతిలో రుజువుంటుంది. ఆయన కాసేపు ఆలోచించి, "మిగిలిన అర ఎకరంలో బోరుంది, నీళ్లు ఎలా పట్టాలి?" అన్నారు. మోటారు పది నిమిషాలు నడిచాక, శుభ్రమైన సీసాలో, అదే నీళ్లతో రెండుసార్లు కడిగి పట్టండి అన్నాను.