తీగను ఏ వైపు చుట్టాలి?

సరదాకోసం రేడియో నడుపుతూ ఉపగ్రహాల ద్వారా మాట్లాడే హామ్‌లకు హెలికల్ యాంటెన్నా (స్ప్రింగులా చుట్టిన తీగ) అంత ఓర్పుగల పరికరం దొరకడం కష్టం. చుట్టు వ్యాసం కాస్త తగ్గినా, చుట్ల మధ్య ఎడం ఒకచోట పెరిగినా దాని పని అది చేసుకుపోతుంది. తీగను తప్పు వైపు చుడితే మాత్రం క్షమించదు.

1946లో ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో జాన్ క్రాస్ ఒక ఉపన్యాసం విని, రేడియో సంకేతాల బలం పెంచే ట్రావెలింగ్ వేవ్ ట్యూబులో వాడే తీగచుట్ట యాంటెన్నాగా పనికొస్తుందా అని అడిగారు. ప్రయత్నించామని, పనికిరాదని వక్త చెప్పారు. క్రాస్ ఇంటికెళ్లి, చుట్టుకొలత సరిగ్గా ఒక తరంగదైర్ఘ్యం ఉండేలా తీగ చుట్టి, 12 సెంటీమీటర్ల తరంగాలు పంపి చూశారు. చుట్ట కొసనుంచి పదునైన పుంజం ముందుకు వెలువడింది!

ఆ చుట్టుకొలతలోనే కిటుకంతా ఉంది. సగం చుట్టు తిరిగేసరికి తీగ దిశ తిరగబడుతుంది, అదే సమయానికి విద్యుత్తు దశ కూడా తిరగబడుతుంది. అందుకే ఎదురెదురు వైపుల ప్రవాహాలు ఒకదాన్నొకటి రద్దు చేసుకోకుండా ఒకే దిక్కుకు కలుస్తాయి. ఆ దిక్కు కూడా క్షణక్షణం తిరుగుతూ ఉంటుంది కాబట్టి తరంగం మెలితిరుగుతూ సాగుతుంది. ఉపగ్రహాలకు కావలసింది ఇదే. బెంగళూరులో తయారై 2005 మే 5న శ్రీహరికోట నుంచి ఎగిరిన హామ్‌ల ఉపగ్రహం హామ్‌శాట్ తన చుట్టూ తాను తిరుగుతూనే పనిచేసింది. అలాంటి ఉపగ్రహంతో మాట్లాడేటప్పుడు మామూలు నిలువు తీగకు సంకేతం ఎగుడుదిగుడుగా అందుతుంది. వాతావరణపు పైపొర అయనోస్ఫియర్ కూడా తరంగాలు ఊగే దిశను తిప్పేస్తుంది. మెలితిరిగే తరంగానికి ఈ చిక్కులు ఉండవు.

ఇప్పుడు బెంగళూరు మేడ మీద నిలబడి పడమటికి, రవ్వంత దక్షిణంగా, సుమారు 30 డిగ్రీల ఎత్తున చూడండి. హామ్‌లు వాడుకునే ఉపగ్రహం ఖతార్ ఆస్కార్-100 అక్కడే, 38 వేల కిలోమీటర్లకు పైగా దూరాన స్థిరంగా ఉంటుంది. అది వినేది 2400 మెగాహెర్ట్జ్ దగ్గర, అంటే తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు, దాదాపు క్రాస్ మొదట వాడినదే. చుట్టు వ్యాసం 4 సెంటీమీటర్లు, చుట్ల మధ్య ఎడం 3 సెంటీమీటర్ల పైచిలుకు చాలు. రాగి తీగ, వెనక పెట్టే అల్యూమినియం రేకు, కనెక్టరు బెంగళూరు ఎస్.పి. రోడ్డు దుకాణాల్లో తిరిగితే దొరుకుతాయి. ఈ యాంటెన్నా నిరోధం 140 ఓమ్‌ల దగ్గర ఉంటుంది, కేబులుది 50. మొదటి పావు చుట్టుకు వెడల్పాటి రాగి పట్టీ అతికి రేకుకు దగ్గరగా వంచితే రెండూ కుదురుతాయి. చుట్లు పెంచుకుంటూ పోవడం మీద నాకు నమ్మకం లేదు. పొడవు రెట్టింపు చేసినా బలం రెట్టింపు కాదు.

ఇక చుట్టే వైపు. ఈ ఉపగ్రహం కుడివైపు మెలితిరిగే తరంగాలను వింటుంది. నేరుగా గురిపెడితే మామూలు బోల్టు మరలాగే చుట్టాలి. అయితే ఇంత దూరానికి మాట అందాలంటే డిష్ కావాలి, చుట్టను దాని ముందు ఉంచాలి. డిష్ మీద పడి తిరిగొచ్చేటప్పుడు తరంగపు మెలిక తారుమారవుతుంది, కాబట్టి అక్కడ ఎడమ మర చుట్టాలి. ఇది మరిస్తే ఉపగ్రహానికి అందేది నూరో వంతో, ఇంకా తక్కువో!

హామ్ లైసెన్సు పరీక్షకు సిద్ధమవుతున్న ఇక్కడి తెలుగు మిత్రులకు నా సలహా ఒకటే: కుడివి రెండు, ఎడమది ఒకటి చుట్టుకోండి. లైసెన్సు ఉన్నవారి సాయంతో వాటిని ఎదురెదురుగా పెట్టి, ఒకదానినుంచి కొద్దిపాటి సంకేతం పంపి, జత మార్చినప్పుడల్లా మీటరు ముల్లు ఎంత పడిపోతుందో చూడండి. ఆ తర్వాతే డిష్ దగ్గరికి వెళ్లండి.